అల్లావుద్దీన్ భాయ్ ఏడాది పాసు

ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్న అల్లావుద్దీన్ చూడని ఊరంటూ లేదని ఉదయగిరిలో అందరూ అంటారు. తిరుపతి, కసుమూరు దర్గా, మైపాడు సముద్రం, శ్రీశైలం, అన్నిచోట్లకూ ఆయన పెళ్ళివాళ్ళనీ మొక్కులవాళ్ళనీ బడిపిల్లలనీ ఎక్కించుకుపోయాడు. ఏ మలుపులో టీ బాగుంటుందో, ఏ ఊళ్ళో మధ్యాహ్నం నీడ ఏ పక్కకు తిరుగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. అయితే మైపాడులో అలలు ఎంత ఎత్తు లేస్తాయని ఎవరైనా అడిగితే మాత్రం, "బో హోరుగా ఉంటాయి" అని ఊరుకుంటాడు. అలల హోరు వినపడేంత దూరమే ఆయన వెళ్ళింది. బండ్లు నిలిపే చోటు అక్కడితో అయిపోతుంది.

బండి వదిలిపెట్టి పోగూడదన్నది ఆయన పట్టుదల. పద్నాలుగో ఏట కలిగిరిలో పొగాకు లారీకి క్లీనరుగా చేరినప్పుడు ఉస్తాదు చెప్పిన మొదటి పాఠం అది. ఎక్కినవాళ్ళు దేవుణ్ణి చూసుకుంటారు, డ్రైవరు వాళ్ళ చెప్పులు చూసుకోవాలి. ఆ మాట ప్రకారం అల్లావుద్దీన్ చెప్పులకు కాపలా ఉన్నాడు, సంచులకు ఉన్నాడు, ఫోన్లకు ఉన్నాడు, ఒకసారి ఒక పెద్దాయన కట్టుడు పళ్ళ డబ్బాకు కూడా ఉన్నాడు. "ఏ ఊరు పోయినా నువ్వు చూసింది పార్కింగే గదా" అని భార్య అమీనాబీ దెప్పితే ఆయనకు కోపం రాదు. ఉన్న మాటే కదా అనుకుంటాడు.

ఇలాంటి మనిషికి యాభై ఏడో ఏట ఒక ఆశ పుట్టింది.

నెల్లూరు దాటి హైవే ఎక్కాక ఒక నీళ్ళ పార్కు వచ్చింది. జారుడుబల్లలు, కృత్రిమ సముద్రం, ఇంకా ఏవేవో ఉన్నాయంటారు. ఆత్మకూరు, కలువాయి, వింజమూరు బడులవాళ్ళు పిల్లల్ని తరగతుల వారీగా అక్కడికి తీసుకుపోవడం మొదలుపెట్టారు. వెళ్ళినప్పుడల్లా రెండు వ్యాన్లు వెళతాయి. ఒకటి అల్లావుద్దీన్‌ది, రెండోది ఆత్మకూరు శీనయ్యది. అల్లావుద్దీన్ గుంట కనపడితే పసిబిడ్డ తల పట్టుకున్నట్టు స్టీరింగు పట్టుకుంటాడని పేరు. అందుకని పిల్లల వెంట వచ్చే సుబ్బరత్నమ్మ టీచరు ఎప్పుడూ ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని ఆయన వ్యానులోనే ఎక్కిస్తుంది. పెద్దపిల్లలు శీనయ్య వ్యానులో పాటలు పెట్టించుకుని పోతారు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆ చిన్నపిల్లలు, తడి జుట్లు, ఎర్రబడ్డ కళ్ళు, నోరు మూస్తే ఒట్టు. అల్లావుద్దీన్ అద్దంలో వాళ్ళను చూస్తూ ఒక్కో ప్రశ్నా వేస్తాడు.

"సముద్రం ఎంతుండాది పాపా?"

"బో పెద్దది తాతా! నేను మునిగిపోయినాను అనుకున్నా!" అంటుంది షీరీన్ అనే ఒకటో తరగతి పిల్ల.

"ఏనుగు కూడా ఉండాది తాతా. తొండంతో కొడతాది."

"నిజం ఏనుగా?"

"కాదు, సిమెంటుది. అయినా కొడతాది."

"బకెట్టు చెప్పవేందిరా? తాతా, మన వ్యానంత బకెట్టు! తలమీద బోర్లిస్తారు!"

ఇంకా వినాలనిపించి ఆయన సంగం దాకా బండి నెమ్మదిగా నడిపేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ పార్కంతా ఆయన తలలో కట్టుకుపోయింది. గేటు దాటగానే ఎడమ పక్క ఏనుగు, ఏనుగు వెనక సముద్రం, సముద్రం ఒడ్డున బకెట్టు. చూడటమొక్కటే తక్కువ.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, పార్కు వెలుపల డ్రైవర్లకు వేసిన రేకుల షెడ్డులో ఆయనా శీనయ్యా భోజనం చేస్తున్నారు. పిల్లల్ని తెచ్చిన డ్రైవర్లకు పార్కువాళ్ళు ఉచితంగా భోజనం పెడతారు. రోడ్డు మీద ఎక్కడైనా ఇదే పద్ధతి. గిరాకీ తెచ్చినవాడికి అన్నం, టీ ఊరికే. ఆ రోజు భోజనం కూపనుతో పాటు ఒక రంగు కాగితం ఇచ్చారు. అల్లావుద్దీన్ చెయ్యి కడుక్కుని వచ్చి మరీ దాన్ని చదవసాగాడు.

"ఏంది భాయ్, పెళ్ళి శుభలేఖ చదివినట్టు చదువుతుండావు?" అన్నాడు శీనయ్య.

"ఏడాది పాసంట. రెండువేల నాన్నూరు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎన్నిసార్లయినా పోవచ్చు. ఒక రోజు టిక్కెట్టయితే ఏడువందలు."

"అయితే?"

"అయితే ఏముండాది? చదువుతుండా."

శీనయ్య ముద్ద ఆపి ఆయన ముఖంలోకి చూశాడు. "కొంటావా ఏంది కొంపదీసి? మనం గిరాకీ తెచ్చేవాళ్ళం భాయ్. వాళ్ళే పిలిచి అన్నం పెడతారు. నువ్వు పోయి దుడ్లిచ్చి లోపలికి దూరితే డ్రైవర్ల పరువు ఏం కావాల?"

"పరువు పొడిగానే ఉంటాది లేరా. తడిసేది నేను."

"నవ్వులాట కాదు. రేపు ఆ మేనేజరు, డ్రైవర్లు కూడా కొనుక్కుంటుండారు గదా, ఇంక వీళ్ళకి అన్నం ఎందుకు అంటే? నలుగురి నోటికాడ కూడు పోగొట్టినవాడివవుతావు."

ఆ మాట అల్లావుద్దీన్‌కు గుచ్చుకుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ పారెయ్యలేదు.

ఇంటికి వచ్చాక ఆ కాగితాన్ని కూతురు తమన్నా చేతికిచ్చాడు. తమన్నా మీసేవా కేంద్రంలో పనిచేస్తుంది. ఏ కాగితం ఇచ్చినా ముందు అడుగున ఉన్న చిన్నక్షరాలు చదివి, తరవాత పైకి వస్తుంది.

"ఫొటో, ఆధారు కావాల. వేరేవాళ్ళకి ఇయ్యగూడదు. ఆదివారాలు, పండగ సెలవులు చెల్లదు. నైలాను బట్టలే వేసుకోవాల, లుంగీలు పైజామాలు కుదరవు" అని చదివి, "ఎవురికి అబ్బా?" అని తండ్రిని అడిగింది.

"నాకే."

మూలన కుట్టుమిషను మీద ఉన్న అమీనాబీ కాలు ఆగింది. "ఏందీ?"

"నాకేనంటుండా."

"యాభై ఏడేళ్ళొచ్చినాయి, నీళ్ళలో ఆడుకుంటావా? దొడ్లో మోటారు ఉండాది గదా. స్విచ్చెయ్యి, నేను పైపు పడతా. రెండువేల నాన్నూరు నాకియ్యి."

తమన్నా నవ్వు ఆపుకోలేక దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. "అబ్బా, ఆత్మకూరులో జనార్దనయ్య సారు తెలుసు గదా, బ్యాంకులో చేసి రిటైరైనాయన? ఇంట్లో నలుగురికీ నాలుగు పాసులు కొన్నాడు. ఏడాదిలో పోయింది ఒక్కసారి. ఈ కొండ కింద నుంచి అంత దూరం ఊరికే ఎవురు పోతారు? పోను రాను డీజిలుకే ఇంకో పాసొస్తాది."

"జనార్దనయ్య సారు డీజిలు ఆయనే పోసుకోవాల. నాది బడివాళ్ళు పోస్తారు" అన్నాడు అల్లావుద్దీన్. "ఏడాదికి తొమ్మిదిసార్లు నేనెట్టాగూ ఆ గేటు కాడికి పోతానే ఉండా. అన్నీ బడి ఉండే రోజులే. ఆదివారం నాకెందుకు?"

"సరే, ముందు ఒకరోజు టిక్కెట్టు కొనుక్కొని చూసి రా. నచ్చితే అప్పుడు పాసు చూద్దాం" అంది తమన్నా. మీసేవలో ఎవరికైనా ఆమె ఇచ్చే సలహా ఇలాగే ఉంటుంది. మొదట చిన్నది కట్టు, తరవాత పెద్దది.

అల్లావుద్దీన్ తల అడ్డంగా ఊపాడు. దీని గురించి ఆయన దారి పొడుగునా స్టీరింగు ముందు కూర్చుని ఆలోచించాడు.

"ఒకరోజు టిక్కెట్టు రోజంతా ఖాళీ ఉన్నోళ్ళకమ్మా. నాకు రోజంతా ఎప్పుడు దొరికింది? బండి వదలగూడదు. శీనయ్యని బతిమాలితే గంటసేపు రెండు బండ్లూ చూస్తాడేమో. గంటకి ఏడువందలు పొయ్యాలంటే నాకు మనసొప్పదు. పాసయితే గంట గంటగా తొమ్మిదిసార్లు పోవచ్చు. నాలాటోడికి ముక్కలు ముక్కలుగానే కుదురుతాది."

తమన్నా కాగితం మరోసారి తిరగేసి, "గంటే ఉండాలని గానీ, రోజంతా ఉండాలని గానీ ఇందులో ఏం లేదు" అని ఒప్పుకుంది.

అమీనాబీ మాత్రం మిషను మీంచి లేవలేదు. దారం తెగిందో ఏమో, సూదిలోకి ఎక్కించడానికి చూస్తోంది గానీ ఎక్కించడం లేదు. ఆమెకు మైపాడు గుర్తొచ్చింది. తమన్నా మూడో తరగతిలో ఉండగా ఒక పెళ్ళివాళ్ళ బండిలో తల్లీకూతుళ్ళు ఇద్దరూ వెళ్ళారు. అలల్లో మోకాళ్ళ దాకా దిగి, తడిసిన చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ ఆమె బండి దగ్గరికి వచ్చేసరికి, అల్లావుద్దీన్ నలభై జతల చెప్పుల మధ్య కూర్చుని ఉన్నాడు. ఇంటికి చేరేదాకా ఆయన అడిగిన ప్రశ్నలు ఇన్నీ అన్నీ కావు. నీళ్ళు చల్లగా ఉంటాయా, నోట్లోకి పోతే నిజంగా ఉప్పేనా, కాళ్ళ కింద ఇసుకను లాగేస్తాదంట, ఎట్ట లాగుతాది? ఆమె విసుగెత్తి, "నువ్వే దిగి చూడరాదా?" అంటే, "బండో?" అన్నాడు. అప్పుడు ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఆమెకే బాగా అనిపించలేదు.

ఆమె లేచి అటక మీద నుంచి చువ్వలు విరిగిన నల్ల గొడుగులు రెండు దించింది. ఒకదాని గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది నైలానేనా తమన్నా?"

"నైలానే అమ్మీ."

"లేచి నిలబడు" అంది భర్తతో, కొలత టేపు మెడలో వేసుకుంటూ. "అంగడి చెడ్డీలు వేసుకొని పదిమందిలో తిరగడానికి నేనొప్పుకోను. మోకాళ్ళు కనబడగూడదు. అది నా షరతు. పొట్ట లోపలికి పీల్చొద్దు, నిజం కొలత రావాల."

గొడుగు గుడ్డతో ఆ రాత్రికే లాగు తయారైంది. వేసుకుని చూసుకుంటే నడిచినప్పుడల్లా వాన పడ్డట్టు టపటపమంది. తమన్నా ఫొటో తియ్యబోతే అల్లావుద్దీన్ గదిలోకి పరిగెత్తాడు.

ఆ తరవాత వచ్చిన ట్రిప్పు ఒక బుధవారం. పిల్లలు గేటులోంచి లోపలికి పోయాక ఆయన శీనయ్య దగ్గరికి వెళ్ళి ఫోను, వాచీ, టోపీ, బండి తాళం ఒక్కొక్కటే చేతిలో పెట్టాడు.

"కొంటుండావన్న మాట" అన్నాడు శీనయ్య.

"కొంటుండా."

"మరి డ్రైవర్ల అన్నం సంగతి?"

"అది కూడా ఆలోచించినా. ఇదిగో నా కూపను, తీసకపోయి వాళ్ళకే ఇచ్చెయ్యి. లోపలికి పోయిన రోజు నేను గిరాకీని, డ్రైవర్ల అన్నం ముట్టను. అమీనాబీ క్యారియరు కట్టింది. వెలుపల ఉన్న రోజు నేను డ్రైవర్ని, నీ పక్కనే కూర్చొని తింటా. రెండూ కలపను. ఇంక మేనేజరు ఏమంటాడు?"

శీనయ్య గడ్డం గోక్కున్నాడు. "క్యారియర్లో ఏముండాది?" అన్నాడు.

"ఖైమా. నీక్కూడా పెట్టింది."

"గంట. గంట దాటితే నీ బండి వింజమూరులో పాత ఇనుముకి అమ్మేస్తా."

పాసులిచ్చే గది కిటికీలో తమన్నా ఈడు పిల్ల ఉంది. ఫొటోకు నిలబడమంటే అల్లావుద్దీన్ చొక్కా పైగుండీ కూడా పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

"నవ్వండి అంకుల్, ఇది లైసెన్సు కాదు" అంది ఆ పిల్ల. ఆయన ఖాకీ చొక్కా చూసి గొంతు తగ్గించింది. "మీరు స్కూలు వ్యాను డ్రైవరే గదా? ఊరికే ఒక ఐదు నిమిషాలు చూసొస్తారా? గేటు కాడ నేను చెప్తాలే. అన్ని డబ్బులు ఎందుకు మీకు?"

ఆ పిల్ల మంచి మనసుతోనే అంది. అల్లావుద్దీన్ ఒక్క క్షణం తడబడ్డాడు కూడా. జేబులో దుడ్లు జేబులోనే ఉంటాయి, చూడటమూ అవుతుంది. మరుక్షణం తల ఊపాడు.

"వొద్దు తల్లీ. ఊరికే పోతే ఐదు నిమిషాలకి ఎవురో ఒకరు పిలుస్తారు. కొనుక్కొని పోతే పిలిచేవాడు ఉండడు. కొట్టు పాసు."

లాగు మార్చుకుని, పాసు మెడలో వేసుకుని, టపటపలాడుతూ ఆయన లోపలికి నడిచాడు. దారి ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని ఏముంది? ఎడమ పక్కకు తిరిగాడు. ఉన్నది, ఏనుగు. మేకంత ఎత్తుంది. తొండంలోంచి దారంలా నీళ్ళు వస్తున్నాయి. పిల్లలు అబద్ధం చెప్పలేదు, వాళ్ళ ఎత్తు నుంచి చెప్పారంతే అనుకుని నవ్వుకున్నాడు. కానీ ఆ వెనకే సముద్రం కనపడేసరికి నవ్వు ఆగింది. నీలంగా, ఎండలో మిలమిలలాడుతూ ఉంది. షీరీన్ మునిగిపోయానన్నది ఇందులోనే.

అల్లావుద్దీన్‌కు ఈత రాదు. "బిస్మిల్లా" అని కళ్ళు మూసుకుని ఒక కాలు పెట్టాడు. నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. ఇంకో నాలుగు అడుగులు వేశాడు. పిక్కల దాకా వచ్చాయి. లోతు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని గుండె చిక్కబట్టుకుని, రెండు చేతులూ చాపి, ఒక్కో అడుగే వేస్తూ సముద్రం మధ్యకు చేరాడు. మోకాళ్ళు.

"డ్రైవర్ తాత!"

కళ్ళు తెరిచేసరికి తన వ్యాను పిల్లలంతా చుట్టూ ఉన్నారు. షీరీన్ వచ్చి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "భయపడొద్దు తాతా, నేనుండా గదా. ఈడ నుంచే లోతు" అని జాగ్రత్తగా అవతలి ఒడ్డుకు నడిపించింది. అక్కడ తలపైన బకెట్టు ఉంది. వ్యానంత కాదు, పెళ్ళిలో పప్పు వండే గుండిగంత ఉంది. అందరూ "ఒకటీ, రెండూ, మూడూ" అని అరుస్తుంటే ఆయనా అరిచాడు. అది బోర్లింది. చల్లటి నీళ్ళు నడినెత్తి మీద పడగానే అల్లావుద్దీన్ నోట్లోంచి వచ్చిన కేకకు ఒడ్డున కూర్చున్న తల్లులు కూడా తల తిప్పి చూశారు.

ఈల ఊదుకుంటూ ఒక కుర్రాడు వచ్చాడు. చొక్కా మీద హరి అని పేరు రాసి ఉంది. నీళ్ళకు కాపలా ఉండే ఉద్యోగం అతనిది.

"పెద్దాయనా, ఇది ఏడేళ్ళ లోపు పిల్లల తొట్టి. పెద్దోళ్ళు దిగగూడదు."

"తొట్టా? ఇది సముద్రం గదా?"

హరి ఆయన ముఖం చూశాడు, చుట్టూ ఉన్న పిల్లల్ని చూశాడు, నవ్వు పెదవుల దాకా వచ్చినా మర్యాదగా మింగేశాడు. "ఇది వీళ్ళ సముద్రం. మీది అదిగో, ఆ గోడ అవతల ఉండాది."

అల్లావుద్దీన్‌కు అప్పుడు తెలిసింది. ఏడాదిగా తాను తలలో కట్టుకున్న పార్కంతా ఈ మూలే. చెప్పింది ఒకటో తరగతి వాళ్ళు, వాళ్ళు చూసింది ఇంతే. గోడ అవతల ఏముందో ఆయనకు ఒక్క ముక్క కూడా తెలియదు. సిగ్గుపడాలో సంబరపడాలో ఒక క్షణం అర్థం కాలేదు. తరవాత నీళ్ళు కారుతున్న గడ్డాన్ని తుడుచుకుని, పిల్లలకు సలాం చేసి, గోడ దాటాడు.

అక్కడున్న సముద్రానికి అవతలి ఒడ్డు గోడ చాలా దూరాన ఉంది. నడుము లోతు నీళ్ళలో శీనయ్య వ్యాను పిల్లలు నిలబడి ఉన్నారు. సుబ్బరత్నమ్మ టీచరు ఒడ్డున గొడుగు కింద కూర్చుని, ఆయన్ని చూసి లేచి నిలబడింది. "అల్లావుద్దీన్! నువ్వేనా! బండి?"

"శీనయ్య చూస్తుండాడు మేడం. నేను పాసు కొనుక్కున్నా."

"అయితే దిగు, చూస్తావేం?"

ఆయన నడుము దాకా దిగాడో లేదో సైరను మోగింది. వెనక్కి పరిగెత్తాలనుకున్నాడు. కానీ పిల్లలంతా కేకలు వేస్తూ ముందుకు పోతున్నారు. ఎటు పోవాలో తేల్చుకునే లోపలే అవతలి గోడ దగ్గర నీళ్ళు ఉబ్బాయి. ఆ ఉబ్బు నిదానంగా, పెద్ద లారీ బ్రేకు వదిలినట్టు, మీదికి వచ్చి ఆయన్ని కాళ్ళ కింద నేల లేకుండా పైకెత్తింది. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని మోసిన మనిషిని మొదటిసారి ఇంకేదో మోసింది. ఎత్తి, మెత్తగా దించింది. వెంటనే ఇంకోటి. గొడుగు లాగు బుడగలా ఉబ్బింది. ఆయన నవ్వుతున్నాడో అరుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. నోట్లోకి నీళ్ళు పోయాయి, ఉమ్మేశాడు, మళ్ళీ నవ్వాడు.

అలలు ఆగాయి. మళ్ళీ ఎప్పుడని పక్కనున్న అబ్బాయిని అడిగాడు. అరగంటకన్నాడు. అల్లావుద్దీన్ అరగంటా ఆ నీళ్ళలోనే నిలబడ్డాడు.

ఆయన బయటికి వచ్చేసరికి గంటన్నర దాటింది. శీనయ్య రెండు బండ్ల మధ్యన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఇంకో నలుగురు డ్రైవర్లు ఏదో పనున్నట్టు టైర్లు తడుముతున్నారు.

"గంటే అన్నా గదా."

"వాచీ నీకాడ ఉండాది గదా."

"మాటలకేం తక్కువ లేదు. చెప్పు, ఎట్టుండాది సముద్రం?"

అల్లావుద్దీన్ చెప్పబోయాడు. చెయ్యి ఇలా పైకెత్తి, అలా దించి, ఇంకోసారి ఎత్తి, "బో..." అని ఆగిపోయాడు. టైర్లు తడుముతున్న డ్రైవర్లు ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"సరే, అది చెప్పలేకపోతే ఇది చెప్పు" అన్నాడు శీనయ్య. "పెట్టిన దుడ్లకి తగినట్టు ఉండాదా లేదా?"

అల్లావుద్దీన్ జుట్టు పిండుకుంటూ వెనక్కి తిరిగి చూశాడు. గోడపైన, ఆకాశంలోకి చుట్టలు చుట్టుకుంటూ పోయిన ఎర్రటి గొట్టం ఒకటి కనపడుతోంది. దాని కొస నుంచి ఎవరిదో సన్నటి కేక జారి వచ్చింది.

"అదేందో తెలుసా?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"తెలీదు. పదో తరగతోళ్ళు ఎక్కుతారంట. నాది ఇప్పటికి ఒకటో తరగతే అయింది రా శీనయ్యా. తొందరేముండాది, ఏడాది ఉండాది గదా. రా, ఆకలేస్తుండాది."